ఫైల్లోకి ఎక్కని మాట

ఫోరెన్సిక్ సైకాలజీ అనే మాట మన అమ్మాయిల నోట ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. డిగ్రీలో సైకాలజీ చదివినవాళ్లు కొందరు గాంధీనగర్ వెళ్తున్నారు. కొందరు అప్పు చేసి ఇంగ్లండు వెళ్తున్నారు. నేరమూ మనసూ న్యాయస్థానమూ కలిసే చోట పనిచేసే శాస్త్రం ఇది. నిందితుల మానసిక స్థితిని అంచనా వేయడం, సాక్షి జ్ఞాపకం ఎంతవరకు నమ్మదగిందో పరిశీలించడం, ఖైదీలతో పనిచేయడం, బాధితులకు జరిగిన మానసిక హానిని కోర్టుకు వివరించడం దీని పరిధిలోకి వస్తాయి. తరగతి చదువుతోపాటు జైల్లోనో, ఆసుపత్రిలోనో, ప్రయోగశాలలోనో కొంతకాలం పనిచేయడం కూడా ఈ చదువులో భాగం. ఇంగ్లండులో దాన్ని ప్లేస్‌మెంట్ అంటారు. మన పిల్లలు ఇంటర్న్‌షిప్ అంటారు. అక్కడ పట్టా ఒక్కటే చాలదు. ఎం.ఎస్‌సి. తర్వాత రెండేళ్లు పెద్దల పర్యవేక్షణలో పనిచేస్తే గాని ఫోరెన్సిక్ సైకాలజిస్టునని చెప్పుకునే హక్కు రాదు. 2009 నుంచి ఆ పేరుకు చట్టం రక్షణ ఉంది.

నేను సైకాలజీ మనిషిని కాను. నా పీహెచ్‌డీ తెలుగు స్త్రీల ఆత్మకథల మీద. ఆ పుస్తకాల్లో ఏముందో చదవడం కంటే ఏం రాయకుండా ఆగిపోయారో, ఎవరి కోసం ఆగిపోయారో వెతకడమే నాకు ఎక్కువ పని అయింది. ఆ అలవాటే కాబోలు నన్ను ఇటు తీసుకొచ్చింది. మూడేళ్లుగా ఫోరెన్సిక్ సైకాలజీ విద్యార్థులకు 'కథనం' అనే ఒక చిన్న పేపరు చెబుతున్నాను. వాళ్లు ఇంటర్న్‌షిప్‌లో రాసుకున్న డైరీలు చదివి చర్చించడం అందులో భాగం. ఆ డైరీలే నన్ను ఈ శాస్త్ర చరిత్రలోకి నెట్టాయి. చదువుతూ పోయినకొద్దీ ఒకే సంగతి పదే పదే ఎదురైంది. స్త్రీ పక్కన కూర్చుని విన్న మనిషి నోట్సులో ఒక మాట ఉంటుంది. అది పాఠ్యపుస్తకానికో తీర్పుకో చేరేసరికి ఆ మాట రాలిపోతుంది. రాలిపోయిన చోట అనుమానం వచ్చి కూర్చుంటుంది.

ఈ చరిత్రను చాలా పాఠ్యపుస్తకాలు హ్యూగో మున్‌స్టర్‌బర్గ్‌తో మొదలుపెడతాయి. జర్మనీ నుంచి హార్వర్డ్‌కు వచ్చిన ఈ ఆచార్యుడు 1908లో 'ఆన్ ది విట్‌నెస్ స్టాండ్' ప్రచురించాడు. తన ఇంట్లో దొంగలు పడ్డప్పుడు తాను ప్రమాణం చేసి ఇచ్చిన సాక్ష్యంలోనే ఎన్ని తప్పులు దొర్లాయో అందులో రాశాడు. మనిషి జ్ఞాపకం ఫొటో లాంటిది కాదనీ, న్యాయస్థానాలు సైకాలజీని పట్టించుకోవాలనీ ఆయన వాదన. ఇంతవరకు బాగానే ఉంది. పాఠ్యపుస్తకాలు అంతగా చెప్పని ప్రయోగం ఇంకొకటి ఉంది. 1914లో ప్రచురించిన ఆ ప్రయోగంలో ఆయన విద్యార్థులకు చుక్కలున్న కార్డులు రెండు చూపించి ఏ కార్డులో చుక్కలు ఎక్కువున్నాయో చెప్పమన్నాడు. తర్వాత వాళ్లలో వాళ్లను చర్చించుకోమని మళ్లీ అడిగాడు. మగ విద్యార్థుల్లో సరైన జవాబులు 52 శాతం నుంచి 78 శాతానికి పెరిగాయి. ఆడ విద్యార్థుల్లో మొదట 45 శాతం, చర్చ తర్వాతా 45 శాతమే. దీన్నిబట్టి స్త్రీలు జ్యూరీలో కూర్చోవడానికి పనికిరారని తేల్చాడు. ఇతరుల మాట విని అభిప్రాయం మార్చుకుంటే వివేకం, మార్చుకోకపోతే మొండితనం! అదే పని మగవాళ్లు చేసి ఉంటే 'నిశ్చయ బుద్ధి' అనేవారేమో. అమెరికా అంతటా స్త్రీలకు ఓటుహక్కు 1920లో గాని రాలేదన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

అదే మున్‌స్టర్‌బర్గ్ ప్రయోగశాలలో మేరీ విటన్ కాల్కిన్స్ పనిచేసింది. 1895లో పీహెచ్‌డీకి కావలసిన పరీక్ష పూర్తిచేసింది. ఆమెకు పట్టా ఇమ్మని మున్‌స్టర్‌బర్గ్ స్వయంగా సిఫారసు చేశాడు. ఆమె స్త్రీ గనుక హార్వర్డ్ ఇవ్వలేదు. 1902లో దాని అనుబంధ మహిళా కళాశాల అయిన రాడ్‌క్లిఫ్ పేరుతో పట్టా ఇస్తామంటే ఆమె తీసుకోలేదు. తాను చదివింది హార్వర్డ్‌లో గనుక. పట్టా లేకుండానే 1905లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు మొదటి మహిళా అధ్యక్షురాలైంది. ఒక్క స్త్రీ ప్రతిభను కళ్లారా చూసి గుర్తించిన మనిషే, స్త్రీలందరి బుద్ధినీ చుక్కల కార్డులతో కొలిచి తక్కువని రాయగలిగాడు. కళ్లెదుట ఉన్న మనిషి ఒకటి, పుస్తకంలోకి ఎక్కిన 'స్త్రీ' మరొకటి.

ఇప్పుడు షికాగో సంగతి. బాల నేరస్తుల కోసం ప్రత్యేక న్యాయస్థానం 1899లో అక్కడే వెలిసింది. 1909లో దానికి తోడుగా పిల్లల మానసిక స్థితిని పరిశీలించే సంస్థను విలియం హీలీ అనే డాక్టరు ఆధ్వర్యంలో పెట్టారు. దానికి డబ్బు సమకూర్చింది ఎథెల్ డమ్మర్ అనే స్త్రీ. పిల్లలతో కూర్చుని పరీక్షలు చేసింది గ్రేస్ ఫెర్నాల్డ్. ఆమె తర్వాత అగస్టా బ్రానర్. బ్రానర్ 1913లో హీలీ చెప్పిన వేసవి కోర్సుకు విద్యార్థినిగా వెళ్లి ఆ పనిలో చేరింది. ఈనాటి భాషలో చెప్పాలంటే ఈ రంగంలో ఇంటర్న్‌షిప్ సంప్రదాయానికి మొదటి తరం వీళ్లే. శాస్త్రంలో స్త్రీలు ఎక్కడ ఉన్నారు అని అడిగితే పుస్తకాల అట్టల మీద వెతికితే దొరకరు, పిల్లల పక్కన చిన్న కుర్చీల్లో దొరుకుతారు.

1915లో హీలీ, ఆయన భార్య మేరీ కలిసి అబద్ధాల మీద, తప్పుడు ఆరోపణల మీద ఒక పుస్తకం ప్రచురించారు. అందులోని కొన్ని కేసులు జాన్ హెన్రీ విగ్‌మోర్ చేతికి చిక్కాయి. అమెరికాలో సాక్ష్య చట్టం మీద చివరిమాట అనదగ్గ గ్రంథం ఆయనది. మున్‌స్టర్‌బర్గ్‌ను 1909లో వెక్కిరిస్తూ వ్యాసం రాసింది కూడా ఆయనే. సైకాలజీకి కోర్టులో చోటు లేదన్న ఆ మనిషే 1940 నాటి మూడో ముద్రణలో ఒక చోట మాత్రం సైకాలజీని ఆహ్వానించాడు. లైంగిక నేరం గురించి ఫిర్యాదు చేసిన ప్రతి స్త్రీనీ, ప్రతి బాలికనూ మానసిక వైద్యుడు పరీక్షించనిదే కేసు జ్యూరీ ముందుకు పోకూడదన్నాడు. ఆడపిల్లలు ఇలాంటి ఆరోపణలు కల్పించి చెబుతారని, దానికి నిదర్శనంగా హీలీ కేసులు చూపించాడు.

స్త్రీవాదులు అసలు కేసులు తీసి చదివారు. జూడిత్ హెర్మన్ 1981లో, లీ బీనెన్ 1983లో ఆ సంగతి బయటపెట్టారు. విగ్‌మోర్ చూపించిన పిల్లల్లో ఒకామె వయసు ఏడేళ్లు, ఇంకొకామెకు తొమ్మిదేళ్లు. ఏడేళ్ల పాపకు గనేరియా ఉందని అసలు కేసు రిపోర్టులో ఉంది. తొమ్మిదేళ్ల పాప శరీరం పరీక్షించడానికి వీల్లేనంతగా వాచిపోయి ఉందనీ ఉంది. విగ్‌మోర్ ఆ వాక్యాలు వదిలేశాడు. మిగిలిన వాక్యాలతో పిల్లలను అబద్ధాలకోరులని నిరూపించాడు. ఆ పుస్తకం దశాబ్దాల పాటు లా కాలేజీల్లో పాఠం. కాలిఫోర్నియాలో ఫిర్యాదు చేసిన స్త్రీని మానసిక పరీక్షకు పంపే అధికారం 1966లో న్యాయమూర్తులకు దక్కింది. దాన్ని చట్టం చేసి తీసేయడానికి 1980 దాకా పట్టింది.

ఇది చదివిన రోజు చాలాసేపు ఇంకేమీ చదవలేకపోయాను. ఆత్మకథల్లో స్త్రీలు తమ వాక్యాలను తామే మింగేయడం నాకు తెలుసు. ఇక్కడ వాక్యం ఉంది, రాసి ఉంది, వైద్యుడి రిపోర్టులో ఉంది. దాన్ని ఒక మహా పండితుడు కత్తిరించాడు. కత్తిరింపును పట్టుకున్నది చట్టం మీద ప్రత్యేక ప్రతిభ ఏమీ కాదు, మూలాన్ని తెరిచి చదివే ఓపిక. సాహిత్య విద్యార్థులకు ఈ శాస్త్రంలో ఏం పని అని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే.

ఈ చరిత్రకు మరో మలుపు బోస్టన్‌లో వచ్చింది. 1972లో ఆన్ బర్జెస్ అనే నర్సు, లిండా హోమ్‌స్ట్రామ్ అనే సామాజిక శాస్త్రవేత్త అక్కడి సిటీ ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డుతో ఒక ఏర్పాటు చేసుకున్నారు. అత్యాచారానికి గురైన స్త్రీ ఎవరు వచ్చినా, ఏ వేళలోనైనా, తమకు ఫోన్ చేయమన్నారు. ఫోన్ వచ్చినప్పుడల్లా వెళ్లారు. ఏడాదిలో 146 మందితో మాట్లాడారు. తర్వాత కూడా వాళ్లను పలకరిస్తూ వచ్చారు. వాళ్లలో వయోజనులైన 92 మంది స్త్రీల అనుభవాల ఆధారంగా 1974లో ఒక వ్యాసం రాశారు. 'రేప్ ట్రామా సిండ్రోమ్' అన్న పేరు అక్కడ పుట్టింది. నిద్రపట్టకపోవడం, ఒంటరిగా ఉండలేకపోవడం, ఇల్లు మారిపోవడం, నెలల తర్వాత తిరగబెట్టే భయం ఇవన్నీ పిచ్చి కాదనీ, ప్రాణభయానికి మనసూ శరీరమూ ఇచ్చే జవాబనీ చెప్పిన తొలి పరిశోధన అది. ఎవరో రాసిన సిద్ధాంతాన్ని నిర్ధారించుకోవడానికి వాళ్లు వెళ్లలేదు. కూర్చుని విన్నారు.

అయితే ఆ వ్యాసంలో ఒక ముఖ్యమైన వాక్యం ఉంది. మొదటి గంటల్లో కొందరు స్త్రీలు ఏడ్చారు, వణికారు. దాదాపు అంతే సంఖ్యలో ఇంకొందరు ప్రశాంతంగా, తొణకకుండా కూర్చున్నారు. లోపల ఏం జరుగుతోందో ముఖంలో కనబడనివ్వలేదు. ఈ రెండోవాళ్లు కూడా అంతే గాయపడ్డవాళ్లని రచయిత్రులు స్పష్టంగా రాశారు. సిండ్రోమ్ కోర్టుల్లోకి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ ఈ రెండో సగాన్ని దారిలో జారవిడుచుకుంది. లక్షణాల జాబితాలో ఏడుపు మిగిలింది. ఏడవని స్త్రీ అనుమానాస్పదమైంది. ఇది స్త్రీలకు వైద్యం చేయడానికి పుట్టిన భావన, నేరం జరిగిందో లేదో తేల్చే పరీక్షగా దీన్ని వాడకూడదు అని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1984లో చెప్పవలసి వచ్చింది. ఆ వాదనకు బలం ఉంది. కానీ 'నిజమైన బాధితురాలు ఎలా ఉంటుంది' అన్న బొమ్మ ఆ తీర్పుతో చెరిగిపోలేదు. 2020 జూన్‌లో కర్ణాటక హైకోర్టు ఒక ముందస్తు బెయిలు ఉత్తర్వులో, అత్యాచారం తర్వాత అలసి నిద్రపోయానని చెప్పడం భారతీయ స్త్రీకి తగినట్టు లేదని వ్యాఖ్యానించింది. విమర్శలు వచ్చాక దాన్ని తొలగించింది. బోస్టన్ నోట్సులో ఉన్న ఆ రెండో సగం 46 ఏళ్ల తర్వాత కూడా బెంగళూరు చేరలేదు.

హింసను భరించి భరించి చంపిన స్త్రీల విషయంలో సైకాలజీ చేసిన మేలు కూడా ఇలాగే సగం సగం. పంజాబు నుంచి పెళ్లై ఇంగ్లండు వెళ్లిన కిరణ్‌జిత్ అహ్లువాలియా కథ 'ప్రొవోక్డ్' సినిమా ద్వారా చాలామందికి తెలుసు. పదేళ్ల హింస తర్వాత 1989లో ఆమె భర్తకు నిప్పంటించింది. అతను చనిపోయాడు. కోర్టు హత్య అంది. జీవితఖైదు వేసింది. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ పోరాటంతో 1992లో ఆ తీర్పును పై కోర్టు కొట్టేసింది. ఆ ఏడాదే ఆమె బయటికి వచ్చింది. ఏ కారణం మీద? రెచ్చగొట్టబడిందన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. తీవ్రమైన డిప్రెషన్ వల్ల ఆమె బాధ్యత తగ్గిందన్న వాదనను ఒప్పుకుంది. పదేళ్లుగా అతను ఏం చేశాడన్నది పక్కకు పోయి, ఆమె మనసుకు ఏ జబ్బు చేసిందన్నది ముందుకొచ్చింది. విడుదల నిజం. సంతోషం కూడా నిజం. కానీ ఆమె కథకు పెట్టిన పేరు మాత్రం జబ్బు.

మన పక్క రాష్ట్రంలో ఇంకో రకంగా జరిగింది. పిల్లలతో సహా బావిలో దూకి, పిల్లలు పోయి తాను బతికిన స్త్రీల కేసులు మద్రాసు హైకోర్టుకు వచ్చాయి. ఒక్క క్షణంలో కలిగిన ఉద్రేకాన్నే కాక ఏళ్ల తరబడి పోగుపడిన బాధను కూడా లెక్కలోకి తీసుకోవాలని ఆ కోర్టు 1989లో అంది. ఇలాంటి స్థితికి తమిళ తీర్పుల్లో 'నల్లతంగాళ్ సిండ్రోమ్' అన్న పేరు స్థిరపడింది. నల్లతంగాళ్ తమిళ జానపద గాథలో స్త్రీ. కరువులో పుట్టింటికి వచ్చి, వదిన చేతిలో అవమానపడి, ఏడుగురు పిల్లలతో బావిలో పడి చనిపోతుంది. ఆడవాళ్లు పాడుకున్న కథ కోర్టులో మానసిక శాస్త్ర పదంగా మారిందంటే సాహిత్యం చదివినదానిగా నాకు గర్వంగానే ఉంటుంది. కానీ గాథలో వదిన ఉంది, ఆకలి ఉంది, కరువు ఉంది. సిండ్రోమ్ అన్నాక ఒక్క నల్లతంగాళే మిగులుతుంది.

మన దేశంలో స్త్రీ మాటను తూచే పని సైకాలజీ కంటే ముందు పోలీసు విచారణా వైద్య పరీక్షా చేశాయి. 1972లో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో పోలీసు స్టేషన్‌లో అత్యాచారానికి గురైన ఆదివాసీ బాలిక మధురను సెషన్స్ కోర్టు అబద్ధాలకోరుగా, లైంగిక సంబంధాలకు అలవాటుపడినదిగా చూసింది. భయంతో లొంగిపోవడం సమ్మతి కాదని బొంబాయి హైకోర్టు అంది. 1978లో సుప్రీంకోర్టు ఆ భయం అన్న మాటనే తీసేసింది. ఒంటి మీద గాయాలు లేవు గనుక నిందితులను వదిలేసింది. అదే ఏడాది మార్చిలో మన హైదరాబాదులో నల్లకుంట పోలీసు స్టేషన్‌లో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది. ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ పోలీసు దెబ్బలకు చనిపోయాడు. ఊరు అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణలో పోలీసుల తరఫు ప్రయత్నమంతా ఆమె శీలం ఎలాంటిదో చూపించడానికే. కమిషన్ పోలీసులను దోషులనే తేల్చింది. కేసు మాత్రం రాయచూరుకు బదిలీ అయింది. 1981లో అక్కడి కోర్టు నిందితులను విడిచిపెట్టింది.

అప్పటికి అమల్లో ఉన్న సాక్ష్య చట్టం 155(4) సెక్షన్ ఫిర్యాదు చేసిన స్త్రీ నడవడి మంచిది కాదని చూపించే వీలు నిందితుడికి ఇచ్చేది. 1872 నుంచి ఉన్న ఆ సెక్షన్‌ను తొలగించింది 2002 నాటి సవరణ. 'రెండు వేళ్ల పరీక్ష' స్త్రీ గౌరవానికి భంగకరమని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. అయినా అది ఆగలేదు. 2022 అక్టోబరు 31న మళ్లీ చెబుతూ, ఈసారి వైద్య విద్య పాఠ్యప్రణాళికలను సమీక్షించి అందులోంచి కూడా దీన్ని తీసేయమంది. నాకు ఈ తీర్పులో అన్నిటికంటే విలువైనది ఆ చివరి ఆదేశం. అన్యాయం పాఠ్యపుస్తకంలో కాపురం ఉంటుందని సుప్రీంకోర్టు గుర్తించింది.

ఇప్పుడు వేళ్ల స్థానంలోకి యంత్రాలు వచ్చాయి. లై డిటెక్టరు, నార్కో పరీక్ష, మెదడు తరంగాలను చదివే పరీక్ష. 2008లో పుణెలో ఒక యువతికి హత్యకేసులో శిక్ష వేస్తూ కోర్టు మెదడు పరీక్ష ఫలితాన్ని కూడా ఆధారంగా తీసుకుంది. ఆ పరీక్షకు శాస్త్రీయత లేదని నిమ్‌హాన్స్ డైరెక్టరు అధ్యక్షతన వేసిన సంఘం ఆ ఏడాదే చెప్పింది. సమ్మతి లేకుండా ఈ మూడు పరీక్షలూ చేయరాదని 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సమ్మతి అన్న మాట కాగితం మీద చిన్నది. 2020లో హత్రస్‌లో దళిత యువతి అత్యాచారానికి గురై చనిపోయాక, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఆమె కుటుంబానికి కూడా లై డిటెక్టరు, నార్కో పరీక్షలు చేయిస్తామని ప్రకటించింది. బిడ్డను పోగొట్టుకున్న దళిత కుటుంబం నిజం చెబుతోందా అన్నది శాస్త్రం తేల్చాల్సిన ప్రశ్న అయిపోయింది. ఎవరి మాటకు యంత్రం కావాలి, ఎవరి మాట యంత్రం లేకుండానే చెల్లుతుంది అన్నది కులమూ జెండరూ నిర్ణయిస్తున్నాయి.

మా విద్యార్థులు ఇంటర్న్‌షిప్‌కు వెళ్లేది ఇలాంటి యంత్రాలున్న చోట్లకే. ఒక అమ్మాయి డైరీ గురించి ఇక్కడ చెప్పాలి. ఊరూ పేరూ అవసరం లేదు. ఫిర్యాదు చేసిన ఒక వివాహిత స్త్రీని పరీక్షకు ముందు మాట్లాడించేటప్పుడు పక్కన కూర్చుని ఫారం నింపడం ఆమెకు అప్పగించిన పని. కళ్లలోకి చూసి మాట్లాడిందా, ఏడ్చిందా, జవాబుకు ముందు ఎంతసేపు ఆగింది అన్నవి ఫారంలో గళ్లు. 'జవాబు చెప్పడానికి తటపటాయించింది' అని మా అమ్మాయి ఫారంలో రాసింది. తన డైరీలో మాత్రం ఇంకో వాక్యం రాసుకుంది. జవాబు చెప్పే ముందు ఆమె ప్రతిసారీ తలుపు వైపు చూసింది, తలుపు బయట ఆమె బావగారు నిలబడి ఉన్నారు అని. దీన్ని ఏ గడిలో రాయాలని అధికారిని అడిగితే, ఆయన కసురుకోలేదు. "అది మన పరిశీలన కిందికి రాదమ్మా" అన్నారట.

"మరి ఎక్కడ రాయాలి మేడమ్?" అని తరగతిలో అడిగింది. అప్పుడు నేను ఆమెకు విగ్‌మోర్ కథ చెప్పాను. ఏడేళ్ల పాప రిపోర్టులో ఉండి పుస్తకంలోకి ఎక్కని వాక్యం గురించి చెప్పాను. ఆ వాక్యం మూలంలో మిగిలి ఉంది గనుకనే 1981లో ఒక స్త్రీ దాన్ని కనుక్కోగలిగింది. మూలంలోనే రాయకపోతే తర్వాత ఎవరు వెతికినా దొరకదు. అందుకని రాయమన్నాను. గడి లేకపోతే అంచులో రాయమన్నాను. తేదీ వేసి సంతకం పెట్టమన్నాను. ఇంటర్న్‌షిప్ చేసే అమ్మాయికి అధికారం లేదు, జీతం లేదు, రేపు సర్టిఫికెట్ ఆ అధికారే ఇవ్వాలి. అది నాకు తెలుసు. అందుకే ఈ భారాన్ని ఒక్క ఆ అమ్మాయి భుజాల మీద వేయడం న్యాయం కాదు.

దీన్ని పాఠ్యప్రణాళికలో అడగాలి. గాంధీనగర్‌లోని విశ్వవిద్యాలయానికి 2020లో పార్లమెంటు జాతీయ హోదా ఇచ్చింది. కోర్సులు పెరుగుతున్నాయి. వాటిలో చేరేవాళ్లలో మన ఆడపిల్లలు ఉన్నారు. మున్‌స్టర్‌బర్గ్‌తో పాటు చుక్కల కార్డులూ కాల్కిన్స్‌కు దక్కని పట్టా వాళ్లకు పాఠం కావాలి. విగ్‌మోర్ పేరు చెప్పినచోట ఆయన వదిలేసిన వాక్యాలూ చెప్పాలి. బోస్టన్‌లో ఏడవని స్త్రీలు కూడా ఉన్నారని చెప్పాలి. మధుర, రమీజాబీ చట్టం విద్యార్థులకే కాదు, వీళ్లకూ తెలియాలి. ఇక ఇంటర్న్‌షిప్‌లో నింపే ప్రతి ఫారంలోనూ, ఆమె ఏడ్చిందా అన్న గడి కంటే ముందు, ఆమె మాట్లాడేటప్పుడు గదిలో ఎవరున్నారు, తలుపు బయట ఎవరున్నారు అన్న గడి ఒకటి ఉండాలి. అది ఉంచడానికి కొత్త యంత్రమేమీ అక్కర్లేదు.